పొంగుడు గదిలో తడి

పిండి కలిపే మెషీను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. వెంటనే దీపాలు ఆరాయి. పొయ్యి దగ్గరి ఫ్యాను కాసేపు తనంతట తానే తిరిగి, అదీ చాలించింది.

మధ్యాహ్నం కాబట్టి చీకటి కమ్మలేదు. కానీ బేకరీలో ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు.

పెద్దాయన చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. వాటిని బయటికి తీయలేదు. ఆరిపోయిన దీపం వంక ఓసారి, కోడలి వంక ఓసారి చూశాడు.

“ఇంజినీరమ్మా, అల్లుడుగారు మళ్ళీ అలిగాడు,” అన్నాడు.

పెరట్లో రేకుల షెడ్డు కింద, హైడ్రోజన్ సిలిండర్ల పక్కన ఉన్న, వాటితో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కు ఆ ఇంట్లో పేరు అల్లుడు. వచ్చిన రోజే కోడలి మరిది ఆ పేరు పెట్టేశాడు. వేడి పడదు, చలి పడదు, దుమ్ము తగలకూడదు, గొంతు ఎండకూడదు, అలాగని గొంతులో నీళ్ళు నిలవకూడదు. ఇన్ని మర్యాదలు అడిగేవాణ్ణి అల్లుడనక ఏమంటాం వదినా అన్నాడు. ఆ రోజు ఇల్లంతా పడీ పడీ నవ్వింది.

ఇవాళ ఎవరూ నవ్వలేదు. ముందు గదిలో, కౌంటరు పక్క కుర్చీలో, తనిఖీ అధికారి కూర్చుని ఉంది.

కోడలు పనిచేసే సంస్థే ఆ యంత్రాన్ని పరీక్ష కోసం ఇక్కడ పెట్టింది. ప్రయోగశాల దాటి నిజమైన దుకాణంలో నడుస్తున్న మొదటి యంత్రం అది. బేకరీకి కరెంటూ ఇస్తోంది, నీళ్ళూ కాస్తోంది. కానీ కొన్ని వారాలుగా ప్రతి మధ్యాహ్నం, సరిగ్గా సాయంత్రం బన్నులకు రెండో వాయి పిండి కలిపే వేళకు ఆగిపోతోంది. సంస్థకు ఓపిక అయిపోయింది. అధికారి పొద్దున్నే వచ్చి విషయం సూటిగా చెప్పేసింది. ఆగితే కళ్ళారా చూస్తాను. నేను వెళ్ళేలోపు కారణం చూపిస్తే సరి. చూపించలేకపోతే లారీని పిలుస్తాను.

లారీ వస్తే ఈ యంత్రం పోతుంది. ఇది పోతే రెండోది ఉండదు. అందులో తేమను చూసుకునే భాగం మొత్తం కోడలి చేతుల మీదుగా పుట్టిందే.

అంతకన్నా పెద్ద బరువు ఇంకోటి ఉంది. ఆమె మాట నమ్మే ఈ ఇంట్లోవాళ్ళు తమ పాత బాయిలరును పీకి పారేశారు.

ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. ఏమీ జరగనట్టే అధికారికి ఇంకో కప్పు టీ పోస్తోంది, ఇంటికి తీసుకెళ్ళండంటూ బన్నులు పొట్లం కడుతోంది. అత్తగారు పొట్లం కడితే ముడి ఎంత గట్టిగా ఉంటుందో, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే అంత తేలిగ్గా విడిపోతుంది. పిల్లలు ఆ ముడి విప్పడం కోసమే బన్నులు కొనమంటారని దుకాణంలో ఒక జోకు ఉంది.

“మీరు కంగారు పడకండి,” అంటోంది అత్తగారు అధికారితో. “మా అమ్మాయి చూసుకుంటుంది.”

ఆ నమ్మకం కోడలికి ధైర్యం ఇవ్వలేదు. గుండెల మీద ఇంకో రాయి పెట్టినట్టయింది. చేతులు తుడుచుకుని పెరట్లోకి నడిచింది.

*

మరిది టార్చి పట్టుకుని అప్పటికే షెడ్డులో ఉన్నాడు. దుకాణాలకు బ్రెడ్డు చేరవేసేది అతనే. స్కూటరు మీద అతను వెళ్ళే వేగానికి వీధిలోవాళ్ళు తుఫాను అని పిలుస్తారు. ఇంట్లో కూడా అదే స్థిరపడింది.

“ఈసారి కూడా నీళ్ళు నిలిచాయంటావా వదినా?”

కోడలు యంత్రం ముందుకు వంగింది. ఇన్ని రోజులూ ఆమె అనుకున్నది అదే. ఫ్యూయల్ సెల్‌లో ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి, మధ్యలో పల్చటి పొర. ఆ పొర తడిగా ఉంటేనే కరెంటు పుడుతుంది. తడి మితిమీరి నీళ్ళు నిలిస్తే గాలికి దారి ఉండదు, వోల్టేజి పడిపోతుంది. తడి ఆరిపోయినా పడిపోతుంది. రెండు జబ్బులకూ లక్షణం ఒకటే.

నీళ్ళు నిలుస్తున్నాయనుకుని ఆమె లోపలికి గాలి ఊదే బ్లోయరు వేగం పెంచింది. మర్నాడు ఇంకా త్వరగా ఆగింది. మళ్ళీ పెంచింది. మరీ త్వరగా ఆగింది. చదువుకున్న బుర్ర కదా, తప్పు తనదై ఉంటుందని తోచడానికి టైము పట్టింది.

ఈసారి వేగం తగ్గించింది. దుకాణానికిచ్చే కరెంటు బరువంతా తప్పించి, యంత్రాన్ని మెల్లగా లేపి, తెర మీది వోల్టేజి అంకె వంక చూస్తూ నిలబడింది.

అంకె కదల్లేదు. తరవాత కొద్దిగా కదిలింది. తరవాత బద్ధకంగా, నిద్ర లేచిన మనిషిలా, పైకి పాకడం మొదలుపెట్టింది.

“ఎండిపోతోంది,” అంది కోడలు. “నీళ్ళు నిలవడం కాదు తుఫానూ. దీని గొంతు ఎండిపోతోంది. నేను రోజూ ఫ్యాను పెట్టి మరీ ఆరబెట్టాను.”

“పోనీలే, ఉతికి ఆరేయలేదు,” అన్నాడు మరిది. ఆమె నవ్వలేదు కాబట్టి టార్చి సర్దుకున్నాడు.

ఎండడానికి వీల్లేదు. యంత్రం పనిచేస్తున్నంతసేపూ తన లోపల తానే నీళ్ళు పుట్టించుకుంటుంది. బయటికి వదిలే గాలి ఆవిరితో బరువుగా ఉంటుంది. ఆ గాలి నేరుగా బయటికి పోదు. ముందు తడిపెట్టెలోకి వెళ్ళి, లోపలికి వస్తున్న పొడిగాలికి తన తడి కొంత పంచి, అప్పుడు పోతుంది. వదిలే ఊపిరిలోని తడిని పీల్చే ఊపిరికి అరువివ్వడమన్న మాట. ఆ తడిపెట్టే కోడలి సృష్టి.

యంత్రం నుంచి బయటికొచ్చే గొట్టం మీద చెయ్యి పెట్టింది. చురుక్కుమంది. గొట్టం వెంట చెయ్యి జరుపుకుంటూ తడిపెట్టె దాకా వెళ్ళింది. అక్కడ గోరువెచ్చగా కూడా లేదు.

వంగి కింద చూసింది. తడిపెట్టె కింద నీటిచుక్కలు పడే డబ్బా ఉంది. ఎండిపోయి, అడుగున దుమ్ము.

“ఈ డబ్బా నువ్వే కదా రోజూ పారబోసేది?”

మరిది నీళ్ళు నమిలాడు. ఆమె చూపు తిప్పుకోకపోయేసరికి, పారబోయడం కాదని, స్కూటరు బ్యాటరీలో పోసుకునేవాణ్ణని ఒప్పుకున్నాడు. అంత శుద్ధమైన నీళ్ళు బజార్లో కూడా దొరకవట. స్నేహితుల బళ్ళకు కూడా సీసాల్లో పంచాడట. అదేమైనా తప్పా అని అడిగాడు.

“పోసుకునేవాడివా, పోసుకుంటున్నావా?”

“పోసుకునేవాణ్ణి. కొన్నాళ్ళుగా చుక్క ఉంటే ఒట్టు. నేను తీసుకుంటున్నానని తెలిసి నువ్వే దాచేస్తున్నావనుకున్నా. అడిగితే బాగుండదని ఊరుకున్నా.”

కోడలు డబ్బాను బోర్లించి చూసింది. రోజూ ఖాళీ డబ్బా చూస్తూ మరిది పారబోశాడనుకుంది ఆమె. రోజూ ఖాళీ డబ్బా చూస్తూ వదిన దాచిందనుకున్నాడు అతను. ఒకరికొకరు మర్యాద ఇచ్చుకుని, నీళ్ళు మాయమైన సంగతే ఇద్దరూ గమనించలేదు.

నీళ్ళు పుడుతున్నాయి. డబ్బాలోకి రావడం లేదు. తడిపెట్టెలోకి కూడా రావడం లేదు.

అంటే దారిలోనే ఎవరో ఎత్తుకుపోతున్నారు.

“అయితే ఈ దొంగతనం నీదన్నమాట.”

గుమ్మంలో పెద్దాయన. చేతుల పిండి అలాగే ఉంది. ఆయన సగం మాటలే విన్నాడు. కానీ పూర్తిగా కోపం తెచ్చుకోవడానికి ఆయనకు సగం చాలు.

*

డబ్బాలో నీళ్ళకూ యంత్రం ఆగడానికీ సంబంధం లేదని కోడలు చెప్పబోయింది. పెద్దాయన వినిపించుకోలేదు. చిన్నకొడుకు మీద నిప్పులు చెరిగాడు. ముందు స్కూటరు వేగం గురించి మొదలుపెట్టి, గుడ్లు పగిలిన సంగతి ఎత్తి, చదువు మధ్యలో మానేసిన సంగతి దాకా వెళ్ళాడు. అటు ఇంటి పరువు పోతుంటే ఇటు బ్యాటరీలో నీళ్ళు పోసుకుంటున్నాడన్నాడు.

తుఫాను ముఖం ఎర్రబడింది. మామూలుగా తండ్రి ముందు నోరెత్తడు. ఇవాళ ఎత్తాడు.

“అల్లుడు ఆగితే నా మీద పడతారేం నాన్నా? వాడు వచ్చినప్పుడు ఏప్రాను విప్పి మేకుకు తగిలించింది నేనా?”

ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. బాయిలరు తీసేసిన వారానికే పెద్దాయన బన్నులు పాడయ్యాయి. పొయ్యిలోకి వెళ్ళకముందే పిండి ముద్దల మీద చర్మం కట్టేది, పగుళ్ళు వచ్చేవి. పాత ఖాతాదారులు ముఖం మీద ఏమీ అనలేదు. కొనడం తగ్గించారు, అంతే. పెద్దాయన పిండి మార్చాడు, ఈస్టు మార్చాడు, కలిపే పద్ధతి మార్చాడు. ఒకరోజు ఏప్రాను విప్పి మేకుకు తగిలించి, “చేతులు చచ్చిపోయాయి” అన్నాడు. రెండు పూటలు పొయ్యి దగ్గరికి రాలేదు. పెద్దకొడుకు, అంటే కోడలి భర్త, ఎంత బతిమాలినా కుర్చీలోంచి లేవలేదు.

తరవాత అత్తగారి పోరు పడలేక ఒకరోజు మళ్ళీ పిండి కలిపాడు. ఆ రోజు బన్నులు బ్రహ్మాండంగా వచ్చాయి. నున్నగా, నిగనిగలాడుతూ, ముట్టుకుంటే ఊపిరి తీసుకునేలా. ఆనాటి నుంచి ఒక్క వాయి చెడలేదు. మునుపటికన్నా బాగున్నాయని వీధి వీధంతా అంటోంది. పెద్దాయన పిండి పిసుకుతూ కూనిరాగాలు తీస్తున్నాడు. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది.

“ఏమండీ.” అత్తగారు పెరటి గుమ్మంలోకి వచ్చింది. “వాడితో తరవాత తగువు పడుదురు గానీ, లోపల వాయి పొంగి సిద్ధంగా ఉంది. దాన్ని చూడండి ముందు.”

పెద్దాయన ఏదో అనబోయి ఆగాడు. కొడుకు వంక చూడకుండా లోపలికి నడిచాడు. అత్తగారు ఆయన వెనకే వెళ్తూ, వెళ్తూ, ఒక్క క్షణం యంత్రం వంక చూసింది.

కోడలు ఆ చూపు గమనించింది. అప్పటికి దానికి అర్థం తెలియలేదు.

*

తనిఖీ అధికారికి కూర్చుని కూర్చుని విసుగేసినట్టుంది. పొట్లం చేత్తో పట్టుకుని లేచి వచ్చింది. ఈ ఖాళీలో బేకరీ అంతా ఒకసారి చూస్తానంది. కోడలు కాదనలేక వెంట నడిచింది.

పొయ్యి చూసింది. పిండి బల్ల చూసింది. తలుపు తోసి, కలిపిన పిండిని పొంగనిచ్చే గదిలోకి వెళ్ళింది. దాన్ని ఇంట్లో పొంగుడు గది అంటారు. పెద్దాయన అందులోంచి తట్టలు బయటికి తీస్తున్నాడు.

అడుగు పెట్టిందో లేదో, అధికారి నిలబడిపోయింది.

“ఏమీ కనిపించడం లేదండీ,” అంది నవ్వుతూ, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పెట్టుకోగానే అద్దాలు మళ్ళీ తెల్లబడ్డాయి.

పెద్దాయన కూడా నవ్వేశాడు. కొత్తవాళ్ళెవరొచ్చినా అంతేనని, పిండి హాయిగా పొంగాలంటే గదిలో ఆ మాత్రం ఆవిరి ఉండాలని గర్వంగా చెప్పాడు.

కోడలు నవ్వలేదు.

ఒకప్పుడు ఈ గది గోడకు ఆనుకునే బాయిలరు ఉండేది. దాని అతుకుల్లోంచి రోజంతా ఆవిరి చిమ్ముతూ ఉండేది. అది లోపమని, వృథా అని ఆమే ఇంట్లో అందరికీ వివరించింది. ఆ వృథా ఆవిరే ఈ గదిని ఇన్నేళ్ళూ తడిగా ఉంచిందని అప్పుడు తోచలేదు. పెద్దాయన బన్నులు ఎందుకు పగిలాయో ఇప్పుడు తెలిసింది. చేతులు చావలేదు. గది ఎండిపోయింది.

సరే. మరి బాయిలరు లేదు. ఈ ఆవిరి ఎక్కడిది?

అధికారికి చూపించాల్సినవి ఇంకా ఉన్నాయని చెప్పి, మరిదిని పిలిచి ఆవిణ్ణి అప్పగించింది. పెద్దాయన తట్టలతో పొయ్యి దగ్గరికి వెళ్ళేదాకా ఆగింది. తలుపు బార్లా తెరిచి ఉంచి, తట్టల స్టాండును పక్కకు జరిపింది.

గోడలో, బాయిలరు గొట్టం వచ్చే పాత కన్నం. దానికి ఎప్పుడూ చెక్కమూత ఉండేది. మూత తీసి కింద పెట్టి ఉంది. కన్నంలోంచి లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి లోపలికి వచ్చి, వెచ్చటి ఊపిరి వదులుతోంది.

కోడలు నేల మీద కూర్చుని కన్నంలోకి చెయ్యి పెట్టింది. ముందు హైడ్రోజన్ వదిలే సన్నగొట్టం కోసం వెతికింది. అది దాని దారిలో అది, కప్పు మీదికి భద్రంగా వెళ్తోంది. దాని జోలికి ఎవరూ పోలేదు. ఊపిరి పీల్చుకుంది.

తరవాత వేళ్ళకు తగిలింది అసలు సంగతి. యంత్రం వెనక, గోడ వైపు, పరీక్షల కోసం వదిలిన కొమ్మగొట్టం ఒకటి ఉంది. దానికి రబ్బరు బిరడా ఉండాలి. బిరడా లేదు. రబ్బరు గొట్టాన్ని దానికి తొడిగి, పిండి సంచి చించిన గుడ్డపేలికతో కట్టేశారు. యంత్రం వదిలే ఊపిరి తడిపెట్టెలోని సన్నటి దారులు వదిలి, ఈ విశాలమైన దారి పట్టింది.

షెడ్డు వైపు నుంచి చూస్తే ఇది కనిపించదు. రోజూ పిండి పొంగే వేళకు ఇక్కడి నుంచే చెయ్యి పెట్టి తొడుగుతున్నారు. బన్నులు పొయ్యిలోకి వెళ్ళగానే ఊడదీసి, బిరడా బిగించి, మూత పెట్టేస్తున్నారు. ఆమె పొద్దున వెతికినా, సాయంత్రం వెతికినా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మిగతా వేళల్లో తను పెంచిన గాలే తడిని చుక్క కట్టకుండా ఆరబెట్టేసింది, అందుకే డబ్బా ఎప్పుడూ ఖాళీ.

గుడ్డ కొస వేళ్ళకు తగిలింది. పట్టుకుని లాగింది.

గట్టిగా బిగిసి ఉన్న ముడి, ఒక్క లాగుకు విడిపోయింది.

కోడలు ఆ పేలికను అరచేతిలో పరిచి చూసింది. అవతల పొయ్యి దగ్గర పెద్దాయన కూనిరాగం తీస్తున్నాడు. కరెంటు లేదు, లారీ వచ్చేలా ఉంది, కొడుకుతో తగువు పడ్డాడు. అయినా బన్నులు బాగా పొంగాయి కాబట్టి ఆయన లోకం చల్లగానే ఉంది.

ఇప్పుడు తను బయటికెళ్ళి ఈ గుడ్డ చూపిస్తే యంత్రం దక్కుతుంది. కానీ ఆ చేతులు తిరిగి బతకలేదని, మెరుగైంది గదేనని, అదీ అల్లుడి పుణ్యమేనని ఆయనకు తెలిసిపోతుంది. ఆ ఏప్రాను మళ్ళీ మేకుకు వేలాడవచ్చు.

ఆమె పేలికను జేబులో కుక్కుకుంది.

*

పని తేలికే. తడిపెట్టెలో తన వంతు ఇచ్చేశాక కూడా యంత్రం ఊపిరిలో బోలెడు తడి మిగులుతుంది. అది ఊరికే షెడ్డు బయటికి పోతోంది. కొమ్మగొట్టానికి బిరడా బిగించి, రబ్బరు గొట్టాన్ని తడిపెట్టె అవతలి కొసకు మార్చింది. గొంతు తడిశాక మిగిలిందే ఇప్పుడు పిండికి వెళ్తుంది. ఒకరి నోటి దగ్గరిది ఇంకొకరు లాక్కోనక్కర్లేదు.

బ్లోయరును మొదటి వేగానికి దించింది. యంత్రాన్ని తొందరపెట్టకుండా కొంచెం కొంచెంగా బరువు ఎక్కించింది. ఆవిరి పట్టిన పొర కోలుకుంటున్నకొద్దీ అంకెలు పెరిగాయి.

దుకాణంలో దీపాలు వెలిగాయి. పొయ్యి ఫ్యాను తిరిగింది. పిండి మెషీను మూలగకుండా అందుకుంది.

లోపల తుఫాను ఈల వేశాడు. పెద్దాయన తగువు మరిచిపోయి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచాడు. చొక్కా మీద తెల్లగా అయిదు వేళ్ళూ పడ్డాయి. తడిపెట్టె కింద డబ్బాలో మొదటి చుక్క టప్పుమని పడింది. ఆ చప్పుడు వింటూ కోడలు షెడ్డులో ఒంటరిగా నవ్వుకుంది. ఇంత హాయిగా చాలా రోజులుగా లేదు.

వెనక అడుగుల చప్పుడు. తనిఖీ అధికారి. ఆవిడ చేతిలో పొట్లం, కళ్ళజోడు వెనక తీక్షణమైన కళ్ళు.

“నడిచింది. సంతోషం. ఏమిటి కారణం?”

కోడలు ఉన్నది చెప్పింది. తడి దారి తప్పింది, దారిలో పెట్టాను అంది. కొమ్మగొట్టం చూపించింది. అధికారి వంగి చూసి, నిటారుగా నిలబడింది.

“గొట్టం దానంతటది తొడుక్కోదు కదా. ఎవరు తొడిగారు?”

కోడలు వంగి బిరడాను ఇంకోసారి బిగించింది.

అధికారి కఠినంగా ఏమీ అనలేదు. ఆవిడ గొంతులో దయ కూడా ఉంది. అదే భయంగా ఉంది. హైడ్రోజన్‌తో నడిచే యంత్రం మీద ఎవరో చెయ్యి వేశారని, పక్కనే ఉన్న ఇంకో గొట్టం మీద పడి ఉంటే ఇల్లు ఉండేది కాదని అంది. తను మనిషిని శిక్షించడానికి అడగడం లేదు. ఆ మనిషితో మాట్లాడాలి, రేపు మళ్ళీ చెయ్యరని తెలియాలి. ఎవరో తెలియని చెయ్యి ఉన్న ఇంట్లో ఈ యంత్రాన్ని ఉంచి తను వెళ్ళలేనంది.

“చెప్పకపోతే లారీ తప్పదమ్మా.”

మాటలు వినపడి మిగతావాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చారు. పెద్దాయన, వెనక అత్తగారు, పక్కన తుఫాను. ఎవరూ ఎవరి ముఖం చూడటం లేదు.

తుఫాను ఒక్కసారి తల్లి వంక చూశాడు. ఆ తరవాత అడుగు ముందుకు వేశాడు.

“నేనే తొడిగాను మేడమ్.”

“మీరా? ఎలా బిగించారు?”

“స్క్రూడ్రైవరుతో.”

కోడలు కళ్ళు మూసుకుంది. అధికారి ఆమె వైపు చెయ్యి చాచింది. జేబులోంచి వేలాడుతున్న గుడ్డ కొసను ఆవిడ ఎప్పుడో చూసేసింది. కోడలు పేలిక తీసి ఇవ్వక తప్పలేదు. ఆవిడ దాన్ని తుఫానుకు అందించి, గొట్టానికి కట్టి చూపించమంది.

తుఫాను కట్టాడు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. ఎలుక గూడు కట్టినట్టుంది. లాగితే బిగిసింది గానీ విడిపోలేదు.

అధికారి తన చేతిలోని బన్నుల పొట్లం వంక చూసుకుంది. దాని ముడి వంకా, పేలికలో మిగిలిన పాత ముడి మడతల వంకా మార్చి మార్చి చూసింది. అత్తగారు అది గమనించింది. ఆవిడ భయం లారీ గురించి కాదు. ఆవిడ చూపు భర్త చేతుల మీద ఉంది.

పెద్దాయన మెల్లగా నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళాడు. చేతుల పిండి శుభ్రంగా కడుక్కున్నాడు. ఏప్రానుకు తుడుచుకున్నాడు. విప్పుతాడేమోనని అందరూ చూశారు. విప్పలేదు. ముడి బిగించుకున్నాడు.

“ఒరేయ్ తుఫానూ, పక్కకు జరుగు,” అన్నాడు. “అబద్ధం కూడా నీకు సరిగ్గా పొంగదు.”

తరవాత అధికారి వైపు తిరిగాడు.

“నేను పిండివాణ్ణండీ. పిండి ముఖం చూస్తే గదిలో ఏముందో చెప్పగలను. అప్పుడు మాత్రం బుర్ర పనిచెయ్యలేదు, చేతులు చచ్చాయనుకున్నాను. కానీ ఒక్క రోజులో బన్ను అలా నిగనిగలాడితే, నా చేతులు మళ్ళీ పుట్టాయని నమ్మేంత పిచ్చివాణ్ణి కాను. ఆ రోజే స్టాండు జరిపి చూశాను. మూత తీసి ఉంది. నేనే మళ్ళీ స్టాండు జరిపి, చూడనట్టు ఊరుకున్నాను.”

“మామయ్యా...” అంది కోడలు.

“అల్లుడు ఆగేది దానివల్లనని నాకు తెలియదమ్మా. తెలిస్తే ఆనాడే చెప్పేవాణ్ణి. నాకోసం ఇంత కష్టపడ్డవాళ్ళని నేను కనిపెట్టేశానంటే వాళ్ళు బాధపడతారని ఊరుకున్నాను. అంతే.”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అధికారి నెమ్మదిగా అడిగింది. “ఎవరండీ వాళ్ళు?”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. దొరికిపోయిన దొంగను చూసి మురిసిపోతున్న మనిషిలా ఉన్నాడు.

“ఆ పాత బాయిలరును నేను ఒక్కరోజు కూడా ముట్టుకోలేదండీ. నాకు దాన్ని చూస్తే భయం. దాన్ని వెలిగించిందీ, అతుకులకు తడిగుడ్డలు కట్టిందీ, తిట్టుకుంటూ ఇన్నేళ్ళు బతికించిందీ ఒక్కరే. ఆవిరి ఎక్కడ పుడుతుందో, ఎటు తిప్పాలో ఈ ఇంట్లో తెలిసిన చేతులు రెండే రెండు. అవి కౌంటరులో పొట్లాలు కడుతుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.”

ఆయన చెయ్యి ఎత్తి, వేలు చూపించడానికి మనసొప్పక, అరచెయ్యి చాపాడు.

“ఇంకెవరండీ? మా ఆవిడ.”